డ్యూయల్ స్పోర్ట్ బండికి కొత్త టైర్లు ఎంచుకోవడం: తిరుపతి, చిత్తూరు రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌పల్స్, హిమాలయన్, వి-స్ట్రామ్ ఎస్ఎక్స్, 390 అడ్వెంచర్ వంటి, తారు రోడ్డు మీదా మట్టి దారిలోనూ తిరగగల డ్యూయల్ స్పోర్ట్ బండ్లు మన జిల్లాల్లో పెరిగిన కొద్దీ, కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగిపోయి రెండో జత కోసం వెతికేవారూ పెరిగారు. వారిలో చాలామంది అడిగేవి అవే సందేహాలు కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు. వాన పడుతుండగా ఘాట్ రోడ్డు దిగేటప్పుడు టైరు ఎంత పట్టు ఇస్తుందన్నదే మన ప్రాంతంలో మొదట చూడవలసిన సంగతి అని నేను నమ్ముతాను. మట్టి దారిలో పనితనం దాని తరువాతే వస్తుంది. ఇక్కడి సలహాలన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

## మార్చే సమయం వచ్చిందా

టైరు చూడడానికి ఇంకా బాగానే ఉంది కదా, ఇప్పుడే మార్చాలా?

టైరు పక్క గోడ మీద టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది. దానికి నేరుగా గాడి లోపల కాస్త ఎత్తుగా ఒక రబ్బరు మెట్టు కనిపిస్తుంది. పై రబ్బరు అరిగి ఆ మెట్టుతో సమమైతే టైరు పని అయిపోయినట్టే. డ్యూయల్ స్పోర్ట్ టైరును మాత్రం అంతవరకు లాగకపోవడం మంచిది. చెన్నై, బెంగళూరు రహదారుల మీద నిటారుగా చాలా దూరం తిరిగిన వెనక టైరు మధ్యలో చదునై, అంచుల దగ్గర కొత్తదానిలాగే మిగిలి ఉంటుంది. అటువంటి టైరుతో మలుపులో బండిని వాల్చితే, చదును భాగం దాటగానే బండి ఒక్కసారిగా పక్కకు పడినట్టు తోస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా ఆనించి చూడండి. వేళ్లు గుండ్రంగా వంగకుండా తిన్నగా నిలబడితే, గాడి ఇంకా ఉన్నా, మలుపులున్న దారులకు ఆ టైరు పనికిరాదు. బటన్ల (టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు దిమ్మల) ముందు అంచులు పదును పోయి గుండ్రబడినా మట్టిలో పట్టు సగం పోయిందనే అర్థం.

బండి పెద్దగా తిరగలేదు, గాడి లోతుగానే ఉంది. అయినా టైరు వయసు చూడాలా?

చూడాలి. పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 3521 అని ఉంటే 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్లు దాటిన టైరును ఏటా ఒకసారి జాగ్రత్తగా పరీక్షించాలని, ఎంత బాగున్నా పదేళ్లు దాటితే వాడవద్దని టైరు తయారీదారులు చెబుతారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండలో, ఆరుబయట నిలిపిన బండి రబ్బరు అంతకంటే ముందే గట్టిపడుతుంది. బటన్ల మొదళ్లలో, పక్క గోడ మడత పడే చోట సన్నని పగుళ్లు వెతకండి. బొటనవేలి గోరుతో నొక్కితే రబ్బరు మీద గుర్తు ఏమాత్రం పడకపోయినా అనుమానించవలసిందే.

వెనక టైరు ఒక్కటే అరిగింది. రెండూ మార్చాలా?

అవసరం లేదు. ఇంజను లాగుడంతా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ముందు టైరు ఒకటి అరిగేలోపు వెనక రెండు అరగడం మామూలే. ముందు టైరుకు గాడి, వయసు, అరుగుదల తీరు మూడూ బాగుంటే దాన్ని కొనసాగించి, వెనకకు అదే రకం వేయించుకోండి. రకం మార్చదలిస్తే మాత్రం రెండూ ఒకేసారి మార్చడం మేలు.

పక్క గోడకు రాయి కోసుకుని చిన్న గాటు పడింది. నడపవచ్చా?

లోపలి దారాలు కనిపించనంతవరకు, ఉబ్బు లేనంతవరకు గమనిస్తూ నడపవచ్చు. దారం కనిపించినా, గాలి నింపాక ఆ చోట గుడ్డులా పొంగినా, ఆ టైరుతో ఇక ప్రయాణం చేయకూడదు. శేషాచలం, నగరి కొండల దిగువన దారుల్లో పరుచుకుని ఉండే క్వార్ట్‌జైట్ రాళ్లు విరిగిన చోట కత్తి అంచుతో ఉంటాయి. గాలి తక్కువగా ఉన్న టైరు వాటి మధ్య నలిగినప్పుడే ఈ గాట్లు ఎక్కువగా పడతాయి. పక్క గోడ గాటుకు పంచర్ షాపులో లోపల అతుకు వేసి ఇస్తామంటారు. నెమ్మదిగా ఇల్లు చేరడానికి తప్ప దాన్ని నమ్మవద్దు.

## ఏ రకం టైరు

50/50, 80/20 అని రాస్తారు. ఆ అంకెలను నమ్మవచ్చా?

మొదటి అంకె రోడ్డుకు, రెండోది మట్టికి. వీటిని నిర్ణయించే ఉమ్మడి పరీక్ష గానీ ప్రభుత్వ ప్రమాణం గానీ లేవు. ప్రతి కంపెనీ తన లెక్క తాను రాసుకుంటుంది. అందువల్ల ఒక కంపెనీ 60/40 మరో కంపెనీ 70/30 కంటే మట్టికి తక్కువ పనికివచ్చినా ఆశ్చర్యం లేదు. టైరును చేతిలోకి తీసుకుని చూడడమే నమ్మకమైన పద్ధతి. బటన్ల మధ్య ఖాళీలోకి బొటనవేలు సులువుగా దిగితే అది మట్టి వైపు మొగ్గిన టైరు. నడుమ భాగంలో బటన్లు ఒకదానికొకటి దగ్గరగా, కొన్నిచోట్ల కలిసిపోయి ఉంటే అది రోడ్డు వైపు మొగ్గినది.

రోజూ ఆఫీసుకు, నెలకొకసారి తలకోన వైపు వెళ్తాను. నాకు ఏది సరిపోతుంది?

మీ తిరుగుడులో అసలైన మట్టి దారి ఎంతో నిజాయితీగా లెక్కవేయండి. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా తలకోన వెళ్లేవారికి దారి అంతా తారు రోడ్డే. చివర వాహనాలు నిలిపే చోట, పక్కన తోటల్లోకి దిగినప్పుడు మాత్రమే మట్టి తగులుతుంది. కైలాసకోన, హార్స్‌లీ హిల్స్, కాణిపాకం ప్రయాణాలూ అంతే. ఇటువంటి వాడుకకు 80/20 లేదా 70/30 వర్గం టైరు చాలు. మామిడి తోటల మధ్య బండి బాటలు, చెరువు కట్టలు, ఎండిన వంకలు కూడా ఈ టైరుతో గాలి కొద్దిగా తగ్గించి నిదానంగా దాటవచ్చు.

పలమనేరు, కుప్పం వైపు పొలాల్లో రోజూ తిరిగే రైతులకు, తోటలకు రాకపోకలున్నవారికి, వారం వారం కావాలని మట్టి దారులు పట్టేవారికి 50/50 వర్గం తగినది. అంతకంటే పెద్ద బటన్లున్న టైరు, పోటీల్లో పాల్గొనేవారికో, రోడ్డు మీద నడపడానికి వేరే బండి ఉన్నవారికో తప్ప, మన ప్రాంతంలో భారమే. అది త్వరగా అరుగుతుంది, రహదారి మీద హోరుమంటుంది, తడి తారు మీద బ్రేకు దూరం పెంచుతుంది.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మట్టి టైరు వేసుకుంటే శేషాచలం అడవి బాటల్లో తిరగవచ్చన్న ఆశతో కొనేవారున్నారు. శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు, పలమనేరు పక్కనున్న కౌండిన్య అభయారణ్యం పరిధిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండితో వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వెళ్లకూడని దారి కోసం టైరు కొనుక్కోవడంలో అర్థం లేదు.

బటన్ టైర్లతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగవచ్చా?

పొడి వాతావరణంలో, మితమైన వేగంతో వెళ్లవచ్చు. అసలు తేడా వానలో, అందులోనూ దిగేటప్పుడు తెలుస్తుంది. తిరుమలకు ఎక్కడానికి రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు వాడుతున్నారు. దిగే దారిలో హెయిర్‌పిన్ మలుపులు వెంటవెంటనే వస్తాయి. దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. దానికి తోడు ప్రతి మలుపు ముందూ బ్రేకు వేయవలసి వస్తుంది. ఎత్తైన బటన్లున్న టైరుకు రోడ్డును తాకే రబ్బరే తక్కువ, ఆ తాకిన బటన్లు కూడా బ్రేకు బలానికి వంగుతాయి. పొడి రోడ్డు మీద హ్యాండిల్ కొద్దిగా మెత్తగా కదిలినట్టు అనిపించి ఊరుకుంటుంది. అదే తడి రోడ్డు మీద, బస్సుల నుంచి కారిన నూనె మరకలు కలిసినప్పుడు, పట్టు హెచ్చరిక లేకుండా జారిపోతుంది.

మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ తరచూ దాటేవారికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ లారీల రద్దీ తోడవుతుంది కాబట్టి బ్రేకు దూరం ఇంకా విలువైనది. ఏ.బి.ఎస్. ఉన్నంత మాత్రాన ఈ లోటు తీరదు. చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడగలదు గానీ టైరులో లేని పట్టును తెచ్చి ఇవ్వలేదు. ఇంటిల్లిపాదినీ వెనక ఎక్కించుకుని కొండకు వెళ్లివచ్చే బండికి ముందు టైరు తప్పనిసరిగా రోడ్డు వైపు మొగ్గినదే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకు ప్రత్యేకంగా ఏది ఎంచుకోవాలి?

ఈశాన్య రుతుపవనాలు మనకు భారీ వానలు తెస్తాయి కాబట్టి టైరు మార్చదలచినవారు సెప్టెంబరులోగా మార్చుకోవడం తెలివైన పని. మన ఎర్ర గరుసు నేల తడిసినా నీరు త్వరగా ఇంకుతుంది. బటన్ల మధ్య ఖాళీ మధ్యస్థంగా ఉన్నా చాలు. చెరువు ఆయకట్టు కింది బంకమట్టిలో మాత్రం మట్టి గాడుల్లో నిండిపోయి, ఏ 70/30 టైరైనా నున్నటి టైరులా మారుతుంది. అక్కడ ఖాళీలు వెడల్పుగా ఉన్న టైరు మాత్రమే తిరిగేటప్పుడు మట్టిని విసిరేసి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. చెరకు కోతల సమయంలో ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన బురద తారు రోడ్డు మీద పొరగా పరుచుకుంటుంది. దాని మీద ఏ టైరూ నమ్మదగినది కాదు, వేగం తగ్గించడమే మార్గం.

ముందు బటన్ టైరు, వెనక రోడ్డు టైరు వేస్తే రెండు లాభాలూ వస్తాయా?

మట్టిలో ఈ జోడీకి నిజంగానే ప్రయోజనం ఉంది. అక్కడ వెనక చక్రం జారితే సరిదిద్దుకోవచ్చు, ముందు చక్రం జారితే పడిపోవడమే. అయితే రోడ్డు మీద వాన రోజున ఆ లెక్క మీకే ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే బ్రేకులో ఎక్కువ భారం మోసే ముందు టైరే తక్కువ పట్టున్నదవుతుంది. ముందు 50/50, వెనక 70/30 వంటి చిన్న తేడా వరకు పరవాలేదు. పూర్తి బటన్ టైరును పూర్తి రోడ్డు టైరుతో జత చేయవద్దు.

మెత్తని రబ్బరు మంచిదా, గట్టిదా?

మెత్తనిది తడిలో పట్టు ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ దూరం వస్తుంది, వానలో జారుతుంది. నడుమ గట్టిగా, అంచుల్లో మెత్తగా రెండు మిశ్రమాలతో చేసిన టైర్లు పెద్ద బండ్ల సైజుల్లో దొరుకుతాయి. ముందు టైరుకు మెత్తదనాన్ని, వెనక టైరుకు మన్నికను ముందుంచుకుని చూడండి.

## సైజు, సరిపోలిక

90/90-21 ఎం/సి 54 ఎస్ అని ఉంది. దీన్ని ఎలా చదవాలి?

మొదటి 90 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 ఎత్తు, వెడల్పులో 90 శాతం అని అర్థం, అంటే 81 మిల్లీమీటర్లు. 21 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఎం/సి అంటే మోటారు సైకిలుకు ఉద్దేశించినది. 54 బరువు సూచిక, ఎస్ వేగ సూచిక. పి అక్షరం గంటకు 150 కిలోమీటర్లకు, క్యూ 160కి, ఎస్ 180కి, హెచ్ 210కి గుర్తు. రెండో సంఖ్యకూ రిమ్ము సంఖ్యకూ మధ్య ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా అడ్డంగా పోతాయి), అడ్డగీత ఉంటే బయాస్ (దారాలు ఏటవాలుగా పోతాయి).

నా బండికి అసలు సైజు ఎంత?

ఎక్స్‌పల్స్ 200కు ముందు 90/90-21, వెనక 120/80-18. పాత హిమాలయన్ 411కు ముందు అదే 21 అంగుళాలది, వెనక 120/90-17. హిమాలయన్ 450కి వెనక 140/80 ఆర్17. యెజ్డీ అడ్వెంచర్‌కు 90/90-21, 130/80-17. వి-స్ట్రామ్ ఎస్ఎక్స్‌కు 100/90-19, 140/70-17. 2020లో వచ్చిన 390 అడ్వెంచర్‌కు 100/90-19, 130/80-17. అయినా ఒకే పేరుతో వేర్వేరు సంవత్సరాల్లో వచ్చిన బండ్లకు తేడాలుంటాయి కాబట్టి, డబ్బు కట్టే ముందు మీ టైరు మీదున్న అంకెలనూ బండితో వచ్చిన పుస్తకాన్నీ సరిచూసుకోండి.

వెనక ఒక సైజు పెద్దది వేస్తే బండి నిండుగా కనిపిస్తుంది. తప్పా?

రూపం కోసం పనితనాన్ని వదులుకోవడమే అవుతుంది. ఎక్స్‌పల్స్ వెనక 120/80-18 బదులు 130/80-18 వేశారనుకోండి. చక్రం వ్యాసం సుమారు 649 నుంచి 665 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అంటే బండి వెనక భాగం 8 మిల్లీమీటర్లు లేస్తుంది, గేర్లు దాదాపు రెండున్నర శాతం బరువెక్కుతాయి. చిన్న ఇంజనుకు ఘాట్ ఎక్కేటప్పుడు ఈ మాత్రం తేడా కూడా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది రిమ్ము వెడల్పు. సన్నని రిమ్ములో వెడల్పు టైరును ఇరికిస్తే దాని నడుమ భాగం కోసుగా లేస్తుంది, అంచులు రోడ్డును తాకవు, వాలినప్పుడు తీరు మారిపోతుంది. గొలుసుకూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కూ టైరు రాసుకునే ప్రమాదం సరేసరి. కంపెనీ సైజు దొరుకుతున్నప్పుడు దాన్ని దాటి పోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

బరువు సూచిక గురించి నిజంగా పట్టించుకోవాలా?

ఒంటరిగా తిరిగేవారికి ఇబ్బంది రాకపోవచ్చు గానీ ఇద్దరు మనుషులు, రెండు పక్కల సంచులు, వెనక పెట్టె వేసుకుని బెంగళూరు దాకా వెళ్లేవారు తప్పక చూడాలి. 54 అంటే ఆ టైరు 212 కిలోలు, 62 అంటే 265, 65 అంటే 290 కిలోలు మోయగలదు. ఇవి పూర్తి గాలి ఉన్నప్పటి లెక్కలు. కంపెనీ టైరు మీదున్న సంఖ్య కంటే తక్కువది ఎన్నడూ వేయవద్దు, ఎక్కువది వేయవచ్చు. వేగ సూచికకూ ఇదే నియమం.

రేడియల్, బయాస్ టైర్లను కలిపి వాడవచ్చా?

బండి తయారీదారు అనుమతించిన జోడీ అయితేనే వాడాలి. హిమాలయన్ 450కి కంపెనీయే ముందు బయాస్, వెనక రేడియల్ ఇస్తుంది. ముందు రేడియల్, వెనక బయాస్ అనే తిరగేసిన జోడీని మాత్రం వేయకండి, రెండు టైర్లు వంగే తీరు వేరై వేగంలో బండి ఊగుతుంది.

ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్న టైరును ట్యూబు రిమ్ముకు వేయవచ్చా?

వేయవచ్చు, లోపల సరైన సైజు ట్యూబు పెట్టాలి. కొన్ని ట్యూబ్‌లెస్ టైర్ల లోపలి గోడ మీద సన్నని గీతలు ఉబ్బుగా ఉంటాయి, అవి ట్యూబును రాస్తాయి. లోపల టాల్కం పౌడరు పలుచగా చల్లించండి. దీనికి విరుద్ధంగా, ట్యూబ్ టైప్ అని రాసి ఉన్న టైరును ట్యూబు లేకుండా నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

స్పోకు రిమ్మును టేపుతో, సీలెంటుతో ట్యూబ్‌లెస్‌గా మార్చి ఇస్తామంటున్నారు. చేయించుకోవాలా?

సర్కారు తుమ్మ ముళ్లతో విసిగిపోయినవారికి ఈ ఆలోచన రావడం సహజమే. ట్యూబు బండికి ముల్లు దిగితే చక్రం విప్పాలి, ట్యూబ్‌లెస్ అయితే బయటి నుంచే ప్లగ్గు వేసి కదలవచ్చు. కానీ ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ముకు లోపల బీడు (రిమ్మును పట్టుకునే టైరు అంచు) కూర్చునే చోట చిన్న గట్టు ఉంటుంది. గాలి పోయినా బీడు లోపలికి జారిపోకుండా ఆ గట్టే ఆపుతుంది. ట్యూబు కోసం చేసిన చాలా రిమ్ములకు అది ఉండదు. స్పోకులను సీలు చేసినంత మాత్రాన ఆ గట్టు రాదు. ముందు చక్రానికి ఈ మార్పు నేను ఎవరికీ సూచించను. గట్టు ఉన్న రిమ్ము అని కళ్లారా చూసి నిర్ధారించుకున్న వెనక చక్రానికైతే, అనుభవమున్న చేతితో చేయించుకోవచ్చు.

## కొనేటప్పుడు

ఏ కంపెనీ టైరు మంచిది?

మన బండ్ల సైజుల్లో ఎం.ఆర్.ఎఫ్., సియట్, అపోలో, టి.వి.ఎస్. యూరోగ్రిప్, మాక్సిస్, రీస్ వంటి కంపెనీల టైర్లు దేశంలోనే దొరుకుతున్నాయి. మిషెలిన్, పిరెల్లీ, మెట్జెలర్ టైర్లు ధరలో పైమెట్టున ఉంటాయి. అపోలో కర్మాగారం మన సత్యవేడు సమీపంలోని చిన్నపాండూరులోనే 2020 నుంచి నడుస్తోంది కాబట్టి ఆ పేరు మీద స్థానికంగా అభిమానం ఉంది. ఎంపికకు అదొక్కటే ఆధారం కాకూడదు. ఒకే కంపెనీలో రోడ్డు వైపు మొగ్గిన టైరూ, మట్టి వైపు మొగ్గిన టైరూ పక్కపక్కనే ఉంటాయి. ముందు మీకు కావలసిన రకం, ఆపైన మీ సైజు, బరువు సూచిక, తరువాత తయారీ తేదీ, చివరగా పేరు అన్న వరసలో చూస్తే పొరపాటుకు తావు తక్కువ.

షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

17 అంగుళాల వెనక టైర్లు తిరుపతి, చిత్తూరు షాపుల్లో సులువుగానే దొరుకుతాయి. 21 అంగుళాల ముందు టైరుకు చాలాసార్లు ముందే చెప్పి తెప్పించుకోవాలి, లేదా చెన్నై, బెంగళూరు చూడాలి. షాపులో కొంటే తేదీ చూసి ఎంచుకోవచ్చు, బిగింపులో తేడా వస్తే తిరిగి అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు, పార్సిల్ విప్పగానే తేదీనీ, బీడు తీగ ఎక్కడా మెలిపడలేదనీ చూసుకుని, లోపం ఉంటే బిగించకముందే తిరిగి పంపండి. ఎక్కడ కొన్నా రెండు మూడు టైర్లను ఒకదానిలో ఒకటి కుక్కి చుట్టి పంపినవి తీసుకోకపోవడం మంచిది.

కొత్తదని చెప్పి ఇచ్చిన టైరు తయారై రెండేళ్లయింది. తీసుకోవచ్చా?

నీడలో, ఎండ తగలకుండా నిల్వ ఉంచి ఉంటే భయపడనవసరం లేదు. ధర తగ్గించమని అడగడం మాత్రం న్యాయమే. షాపు ముందు ఎండలో వేలాడదీసిన టైరు ఏడాదిదైనా వద్దనండి. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పక్కన ద్విచక్ర వాహన టైర్ల ప్రమాణ సంఖ్య 15627 ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

## బిగించేటప్పుడు

మామూలు పంచర్ షాపులో బిగించవచ్చా?

పని తెలిసిన చేయి అయితే నిస్సందేహంగా బిగించవచ్చు, కానీ మీరు పక్కనే నిలబడి చూడండి. పాత టైరు తీయగానే స్పోకుల తలలను కప్పే రిమ్ము టేపు చిరగలేదని గమనించండి, చిరిగితే అదే పూట మార్పించండి. కొత్త ట్యూబుకు కొద్దిగా గాలి పోసి, గుండ్రని ఆకారం వచ్చాకే టైరులోకి దూర్చాలి. అలా చేస్తే లివరు (టైరును రిమ్ము మీదికి ఎక్కించే ఇనుప పట్టీ) కింద ట్యూబు నలగదు. చివరి జానెడు బీడు ఎక్కకపోతే లివరుతో బలంగా లాగకూడదు. దానికి ఎదుటివైపు బీడును మోకాలితో నొక్కి రిమ్ము నడుమ పల్లంలోకి దింపితే, మిగిలిన భాగం సులువుగా ఎక్కుతుంది. జారుడుకు సబ్బు నీళ్లే వాడాలి, గ్రీజు గానీ ఇంజను నూనె గానీ పూయనివ్వవద్దు.

గాలి నింపాక రిమ్ము అంచును ఆనుకుని టైరు మీద కనిపించే సన్నని గీతను చుట్టూ తిప్పి చూడండి. అన్ని చోట్లా రిమ్ముకు సమాన దూరంలో ఉంటేనే బీడు సరిగా కూర్చున్నట్టు. ఒకచోట గీత లోపలికి పోయి ఉంటే గాలి తీసి, సబ్బు నీళ్లు పోసి, మళ్లీ నింపించాలి. ట్యూబు వాల్వు రిమ్ము నుంచి నిటారుగా రావాలి. దాని అడుగు నట్టును రిమ్ముకు బిగించకుండా పైన మూత దగ్గర వదిలేస్తే, టైరుతో పాటు ట్యూబు లోపల జరిగినప్పుడు వాల్వు వంగి మీకు తెలిసిపోతుంది.

బాణం గుర్తు ఎటు ఉండాలి?

బండి ముందుకు కదిలేటప్పుడు చక్రం తిరిగే దిశలో ఉండాలి. కొన్ని టైర్ల మీద ముందు చక్రానికి ఒక దిశ, వెనక చక్రానికి వేరే దిశ సూచిస్తూ రెండు బాణాలు ఉంటాయి. బాణం పక్కన రాసినది చదివాకే బిగించమనండి.

బ్యాలెన్సింగ్ చేయించాలా?

రహదారి మీద వేగంగా వెళ్లేవారు ముందు చక్రానికి తప్పక చేయించాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక భాగానికి గుర్తు, దాన్ని వాల్వు దగ్గరకు తెస్తే చక్రం చుట్టూ బరువును సమం చేసే సీసపు బిళ్లలు తక్కువ పడతాయి. అదే సమయంలో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టి, వదులైనవి బిగించి, రిమ్ము బెండ్ తీయించుకోండి.

## వేసిన తరువాత

కొత్త టైరు మొదట్లో జారుతుందంటారు. నిజమేనా?

నిజం. పై పొర నున్నగా ఉండి పట్టు ఇవ్వదు. మొదటి 100 నుంచి 150 కిలోమీటర్లు బ్రేకు నిదానంగా వేస్తూ, బండిని కొద్ది కొద్దిగా వాల్చుతూ వెళ్లండి. టైరు మార్చిన మరునాడే కొండ దిగే ప్రయాణం పెట్టుకోవద్దు.

గాలి ఎంత ఉంచాలి? ఎండాకాలంలో తగ్గించాలా?

రోడ్డు మీద, ఎండాకాలమైనా వానాకాలమైనా, గొలుసు కవరు మీదో పుస్తకంలోనో బండి కంపెనీ రాసిన అంకే సరైనది. ఎండకు గాలి పెరిగి టైరు పేలుతుందని భయపడి తగ్గించేవారున్నారు. జరిగేది దానికి వ్యతిరేకం. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగి, ఆ వంగుడు వల్లే వేడెక్కి దెబ్బతింటుంది. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. సొంతంగా చిన్న గేజి ఉంచుకోవడం మంచిది, బంకుల్లో గేజీలు ఒకదానితో ఒకటి పొసగవు.

గరుసు దారిలోకి దిగినప్పుడు నాలుగైదు పి.ఎస్.ఐ. తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. స్వర్ణముఖి ఇసుకలో ఇంకొంచెం తగ్గించవచ్చు. రాళ్ల దారిలో మాత్రం ట్యూబు బండికి ఎక్కువ తగ్గించకూడదు, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి, అందుకు చిన్న పంపు సంచిలో ఉండాలి.

దారిలో 21 అంగుళాల ట్యూబు దొరకదు. ఏం తీసుకెళ్లాలి?

ఒక 21 అంగుళాల ట్యూబు, రెండు లివర్లు, ఇరుసు నట్టుకు సరిపోయే స్పానరు, పంపు. ఒకే ట్యూబుకు చోటుంటే ముందుదే పెట్టుకోండి. అత్యవసరంలో దాన్ని 17 లేదా 18 అంగుళాల వెనక చక్రంలో సర్ది ఊరు చేరవచ్చు, వెనక ట్యూబును ముందుకు సాగదీయలేము. ఎక్స్‌పల్స్ వారికి ఒక వెసులుబాటు ఉంది. 2021 నుంచి వస్తున్న క్లాసిక్ 350 స్పోకు చక్రాల బండి వెనక సైజు కూడా 120/80-18 కాబట్టి, బుల్లెట్లు బాగుచేసే ఏ షాపులోనైనా ఆ ట్యూబు దొరికే అవకాశం ఎక్కువ.

ముందు టైరు బటన్లు ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా అరుగుతున్నాయి. టైరు లోపమా?

చాలావరకు కాదు. బ్రేకు వేసినప్పుడల్లా బటన్ వంగి ఒక అంచు ఎక్కువగా అరుగుతుంది. ఘాట్ దారుల్లో తిరిగే బండికి ఇది త్వరగా కనిపిస్తుంది. గాలి తక్కువగా ఉండడం, ఫోర్కు నూనె పాతబడడం, స్టీరింగ్ బేరింగులు వదులవడం దీన్ని పెంచుతాయి. ముందుగా ఆ మూడూ చూపించండి, లేకపోతే తరువాతి టైరూ అలాగే అరుగుతుంది.

తీసేసిన పాత టైరును ఏం చేయాలి?

షాపులోనే ఇచ్చేయండి. వాడిన టైర్లను తిరిగి శుద్ధి చేసే బాధ్యతను 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం తయారీదారుల మీద పెట్టింది, షాపుల నుంచి అవి ఆ దారిన వెళ్లగలవు. మిద్దె మీద పడేస్తే వాన నీరు నిలిచి దోమలు పెరుగుతాయి. భోగి నాడు పిల్లలు అడిగినా మంటలో వేయనివ్వవద్దు, ఆ నల్లటి పొగలో విషవాయువులుంటాయి. గాడి ఇంకా మిగిలి ఉందని తెలిసినవారి బండికి ఇవ్వదలిస్తే, తయారీ తేదీనీ పక్క గోడ గాట్లనూ వారికి చూపించి మరీ ఇవ్వండి.